పొడిగా కోయించిన గోడ

హోటళ్ళ లోపలి డిజైన్ నా వృత్తి. ముప్పై రెండేళ్ళు చేశాను. ఈ పనంటే కర్టెన్లూ సోఫాలూ ఎంపిక చేయడమని చాలామంది అనుకుంటారు. అది చివర్లో వచ్చే పని. అసలు పని అంతకు ముందే ఉంటుంది. తలుపు తీసుకుని లోపలికి వచ్చిన మనిషికి తాను ఎలాంటి చోటికి వచ్చినట్టు అనిపించాలో ముందుగా ఊహించాలి. ఆ ఊహను గోడగా, నేలగా, దీపంగా, కుర్చీగా మార్చి చూపించాలి. దానికి మావాళ్ళు పెట్టుకున్న పేరు కాన్సెప్ట్.

రిటైరై కోలారుకు తిరిగి వచ్చాక డిజైన్ కాలేజీల వాళ్ళు నన్ను మాట్లాడమని పిలుస్తున్నారు. చేసిన పనుల ఫోటోలు చూపిస్తాను. బంగారు గనుల ఊరు కేజీఎఫ్ దగ్గర ఒక హోటల్ లాబీలో నేను చేయించిన గోడ ఫోటో తెర మీద పడగానే హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించేది. పోయిన ఏడాది నుంచి ఆ ఫోటో చూపించడం మానేశాను. ఎందుకు మానేశానో హాల్లో నిలబడి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

నాయర్ సారు

నాకు పని నేర్పింది బెంగళూరులో నా మొదటి బాస్, నాయర్ సారు. మాట కటువు. డ్రాయింగ్ నచ్చకపోతే చింపడు, మడిచి మన చేతిలో పెట్టి కిటికీ వైపు తిరుగుతాడు. అది చింపడం కంటే ఎక్కువ మండేది.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. హోటల్ గది పూర్తయితే, డిజైన్ చేసిన మనిషి ఆ గదిలో ఒక రోజు గడపాలి. స్నానం చేయాలి, మంచం మీద పడుకుని చదవాలి, సూట్‌కేసు తెరిచి సర్దాలి. మైసూరులో నా మొదటి గదిలో అలా గడిపినప్పుడు తెలిసింది, ఏసీ గాలి నేరుగా నుదుటి మీద కొడుతోందని, బాత్రూంలో సబ్బు పెట్టిన చోటికి తడి చేయి అందదని. కాగితం మీద రెండూ చక్కగానే ఉన్నాయి.

"నీ కన్నుతో కాదు, గెస్టు ఒంటితో ఆలోచించు," అనేవాడు.

ఆ ఒక్క మాటతో ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాను. గెస్టు మెడ, గెస్టు మోకాలు, గెస్టు చెవి. ఈ వృత్తిలో అంతకంటే మంచి గురువు నాకు దొరకలేదు. అయినా ఇప్పుడు నిజం రాయాలి. ఆ గదిని చేసిన వాళ్ళకీ ఒళ్ళుంటుందని ఆయన ఎప్పుడూ అనలేదు. నాకూ తట్టలేదు.

గోడ

నా స్టూడియో పెట్టుకున్న చాలా ఏళ్ళకు, ఇప్పటికి పదేళ్ళు దాటింది, చలపతి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. శ్రీనివాసపురంలో మామిడి మండీ నడిపే కుటుంబం వాళ్ళది. కేజీఎఫ్‌కు వెళ్ళే రోడ్డు పక్కన హోటల్ కడుతున్నాడు. మంచి మనిషే. ఏం కావాలో తెలిసినవాడు.

"మేడమ్, కేజీఎఫ్ అంటే బంగారం," అన్నాడు. "తలుపు తీస్తానే గనిలోకి దిగినట్ల ఉండల్ల. అయితే భయం కాకూడదు."

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. గనిలో ఉండాలి, భయం ఉండకూడదు. అదే కాన్సెప్ట్ అయిపోయింది.

అక్కడ బంగారం దొరికింది పలుగురాయి చారల్లో. నల్లటి బండ మధ్య తెల్లటి చార, ఆ చారలో కంటికి కనిపించనంత బంగారం. రెండంతస్తుల ఎత్తు లాబీ గోడ నిండా ఆ చారను పరిచాను. నిజం పలుగురాయి పెద్ద పలకలుగా దొరకదు. అందుకని ఫ్యాక్టరీలో తయారయ్యే క్వార్ట్జ్ పలక ఎంచుకున్నాను. పలుగురాయిని పొడి చేసి, జిగురు కలిపి, ఒత్తి చేసిన రాయి అది. ఇప్పుడు అందరి వంటగదుల్లోనూ గట్టు మీద కనిపిస్తోంది. ఏ రెండు ముక్కలూ ఒకే ఆకారంలో ఉండకూడదన్నాను. ప్రతి అంచునూ గ్రైండర్‌తో గరుకు చేయాలన్నాను. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి ఇత్తడి పట్టీ.

ఆ పని చేయడానికి ఐదుగురు వచ్చారు. వాళ్ళకు పెద్ద మునియప్ప. ముప్పై ఏళ్ళవాడు, కేజీఎఫ్‌లోనే గని కూలీల కోసం కట్టిన లైన్ల ఇళ్ళలో పుట్టిపెరిగినవాడు. నేను గీసిన గీత చూసి అందులో తప్పు చెప్పగలిగిన పనివాళ్ళు నాకు ఈ ముప్పై రెండేళ్ళలో నలుగురో ఐదుగురో తగిలారు. అందులో అతను ఒకడు.

మొదటి వారం నీళ్ళు పోస్తూ కోశారు. అంచుల్లోకి బూడిదరంగు బురద దిగి మరక పడింది. అంచు ఆరేదాకా పట్టీ అతకడం లేదు. రోజుకి రెండు గజాలు కూడా నడవని పని. నేను సైటుకి వెళ్ళి చూసి, డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో రాశాను: నీళ్ళు వాడరాదు, పొడిగానే కోయాలి. కింద సంతకం పెట్టాను.

పొడిగా కోస్తే దుమ్ము లేస్తుంది. అప్పటికే లాబీ పైకప్పుకు చెక్క బిగించాం. చెక్క పాడవకుండా గోడ చుట్టూ ప్లాస్టిక్ పరదాలు దించి, అంచులన్నీ టేపుతో అతికించమన్నాను. ఆ ఐదుగురూ పరదాల లోపల ఉన్నారు. చెక్క బయట ఉంది. నేను దేన్ని కాపాడానో చూడండి.

ఒకసారి పరదా పక్కకి తీసి లోపలికి తొంగి చూశాను. టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. మునియప్ప నవ్వాడు.

"మా నాయన గనిలో పలుగురాయి కొట్టినాడు మేడమ్. నేను హోటల్లో కొడతా ఉండాను. నాకే మేలు, ఫ్యాను ఉండాది."

నేనూ నవ్వాను. గొంతులో గరగరలాడితే పరదా వదిలేసి బయటికి వచ్చాను.

గంగమ్మ

మునియప్ప తల్లి గంగమ్మ మధ్యాహ్నం సంగటి మూటతో సైటుకి వచ్చేది. భర్త గనిలో డ్రిల్లు పట్టినవాడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి, కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు. ఆ జబ్బు లైన్లలో ప్రతి ఇంటికీ తెలుసు. గనులు మూతపడ్డాక ఇక ఆ జబ్బు కూడా పోయిందని ఊపిరి పీల్చుకున్న తరం అది.

ఒకరోజు ఆమె మూట కింద పెట్టకుండా నా దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, వీడు లోపల ఏం కోస్తా ఉండాడు?"

చెప్పాను.

"మా ఇంటాయన షిఫ్టు ముగించుకుని పైకి వస్తే ఇట్లనే ఉండె. కంటిరెప్పలు గూడా తెల్లగా. వాళ్ళకి గనిలో డ్రిల్లు కొట్టేటప్పుడు నీళ్ళు వదిలేవాళ్ళు, దుమ్ము లేవకుండా. అయినా మనిషి దక్కలేదు. వీనికి నీళ్ళు గూడా లేవే తల్లీ."

"అది గని, గంగమ్మా. ఇది ఫ్యాక్టరీలో చేసిన రాయి. ఏం కాదు," అన్నాను.

ఏం కాదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అడ్డుపడిన మాటను పక్కకి నెట్టడానికి అన్నాను, అంతే. మరుసటి రోజు ఒక పెట్టె గుడ్డ మాస్కులు తెప్పించి ఇచ్చాను. ఆ సన్నటి పొడిని గుడ్డ ఆపదు. పెట్టె ఇచ్చాక నా మనసు మాత్రం తేలికపడింది.

ఇంకా సిగ్గుపడాల్సింది వేరే ఉంది. ఆమె మాటలో నాకు ఆ రోజు వినిపించింది హెచ్చరిక కాదు, అందం. కంటిరెప్పలు కూడా తెల్లగా. ఇంటికి వెళ్ళి దాన్నే ఒక వాక్యంగా రాసుకున్నాను. "షిఫ్టు ముగించి పైకి వచ్చిన మనిషి కంటిరెప్పల మీద కూడా గని ఉండేది." ఇత్తడి రేకు మీద చెక్కించి గోడ పక్కన బిగించాను. ప్రారంభం నాడు చలపతి దాన్ని అందరికీ చదివి వినిపించాడు. గోడకు బహుమతి వచ్చింది. పత్రికల వాళ్ళు ఫోటోలు వేశారు. ఆ గోడ ఎవరు కట్టారని అడిగిన ప్రతి డిజైనర్‌కీ మునియప్ప నంబరు ఇచ్చాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. వాళ్ళందరూ అతన్ని పిలిచారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బెంగళూరు హోటళ్ళలో, ఇళ్ళలో అదే రాయి కోశాడు.

నాలుగో పేజీ

పోయిన ఏడాది గంగమ్మ కోలారులో మా ఇంటికి వచ్చింది. అడ్రసు ఎలా పట్టుకుందో అడగలేదు. నీళ్ళిస్తే తాగింది. కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గరే కూర్చుంది.

"మునియప్పకి రెండేండ్లుగా దగ్గు. పది నెలలుగా టీబీ మాత్రలు మింగతా ఉండాడు. గుణం లేదు. అన్నం తింటే కక్కుతాడు. క్లినిక్‌లో డాక్టరు టీబీనే అంటాడు. కాదు సామీ, వాళ్ళ నాయన జబ్బే ఇది, నాకు తెలుసు అంటే నవ్వుతాడు. 'గని ఎప్పుడో మూసేసినారు కదమ్మా, నీ కొడుకు ఒక్క పొద్దన్నా గనిలోకి దిగినాడా' అంటాడు. నేనేం చెప్పేది? దిగలేదు."

గ్లాసు పక్కన పెట్టి అంది, "ఆ పొద్దే చెప్పినాను నీకు. నువ్వు చదువుకున్నదానివి. వచ్చి చెప్పు డాక్టరుకి, వాడు ఏం రాయి కోసినాడో."

ఆమె వెళ్ళాక అటక మీది నుంచి పాత ఫైళ్ళు దింపాను. రాయి తయారుచేసిన కంపెనీ ఇచ్చిన సమాచారపు కాగితాలు దొరికాయి. మొదటి మూడు పేజీల్లో రంగులు, కొలతలు, మెరుపు. నా పెన్సిలు గుర్తులన్నీ వాటి మీదే ఉన్నాయి. నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: ఈ రాయిలో అధికభాగం పలుగురాయి పొడే, తడుపుతూ మాత్రమే కోయాలి, పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు నయంకాని జబ్బు వస్తుంది. ఆ పేజీ మడత కూడా విప్పినట్టు లేదు.

వెంటనే పరుగెత్తానని రాయగలిగితే బాగుండేది. నా స్టూడియోను ఇప్పుడు సుధ నడుపుతోంది, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఆమెకు ఫోన్ చేశాను.

"నోటితో చెప్పక్కా డాక్టరుకి. నీ సంతకం ఉన్న డ్రాయింగ్ ఎందుకు ఇవ్వడం? రేపు కోర్టులో మన మెడకే చుట్టుకుంటుంది," అంది.

ఆ మాట నాకు అప్పుడు కావలసిన మాట. మోకాలు నొప్పన్నాను, ఇంట్లో చుట్టాలున్నారన్నాను, మూడు వారాలు గడిపాను. ఆ మూడు వారాలూ మునియప్ప తనకు లేని జబ్బుకి మాత్రలు మింగుతూ వాంతులు చేసుకుంటున్నాడు.

చివరికి కదిలింది ధైర్యం వచ్చి కాదు. గంగమ్మ మళ్ళీ రాలేదు, ఫోన్ చేయలేదు. నేను రానని ఆమెకు ముందే తెలుసేమో అనిపించింది. అది భరించలేక వెళ్ళాను.

వరండాలో

బెంగళూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కారులో మునియప్ప వెనక సీట్లో తల్లి భుజం మీద ఒరిగి కూర్చున్నాడు. గ్రైండర్ పట్టుకున్న ఆ చేతులు కర్రపుల్లల్లా ఉన్నాయి. నలభై ఏళ్ళవాడు. నా కంటే ముసలివాడిలా ఉన్నాడు.

డాక్టరుకి నాలుగో పేజీ ఇచ్చాను. ఎర్ర అక్షరాల డ్రాయింగ్ కూడా ఇచ్చాను. ఆయన ఎక్స్‌రే చూశాడు, స్కానింగ్ చూశాడు, కాగితాలు చదివాడు.

"పొడిగా కోయమని రాసింది ఎవరు?"

"నేను."

ఆయన నా వైపు ఎక్కువసేపు చూడలేదు. టీబీ మాత్రలు ఆపమని రాశాడు. జబ్బు పేరు రాశాడు. ఏ రాయి, ఎన్నేళ్ళు, ఎలా కోశాడు, అన్నీ రాశాడు. తర్వాత నన్నొక్కదాన్ని లోపలికి పిలిచి, తిరిగి వచ్చే దారి లేదని, ఆక్సిజన్ తప్ప ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాడు. మూడు వారాల ముందే వచ్చి ఉంటే అని అడిగాను. "లాభం ఉండేది కాదు. కొన్ని వాంతులు తగ్గేవి," అన్నాడు.

వరండాలో బెంచీ మీద మునియప్ప పక్కన కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను. అతను విన్నాడు. మాట్లాడడానికి ముందు ఊపిరి కూడదీసుకోవాల్సి వస్తోంది.

"మీరొక్కరేనా మేడమ్. అందరూ అట్లనే కోయించినారు." మళ్ళీ ఊపిరి అందాక, "ఆ గోడ ఇంగా ఉండాదా?"

"ఉండాది."

"పైన ఎడమ పక్క ఒక ముక్క లూజుగా ఉండె. లిఫ్టు తావ. చూసుకోమని చెప్పండి. కింద మనుషులు నిలబడతారు."

చలపతికి చెప్పాను. మనిషిని ఎక్కించి చూపించాడు. నిజంగానే ఊగుతోంది. బిగించారు. ఇత్తడి రేకు తీసేయమని కూడా అడిగాను. "దాని తావే మేడమ్ అందరూ ఫోటో తీసుకునేది," అన్నాడు నొచ్చుకుంటూ. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

మామిడి లారీలు తిరగడం మొదలైన వారంలో మునియప్ప పోయాడు.

లైన్లకు వెళ్ళాను. వెనకాల గని నుంచి తోడిపోసిన మట్టి దిబ్బలు ఎండలో తెల్లగా ఉన్నాయి. గంగమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి అడిగింది.

"వీడు గాక ఇంగా నలుగురు ఉండిరి కదమ్మా లోపల. వాళ్ళు యాడ ఉండారు?"

నాకు తెలియదు. పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాలో పుట్టలేదు.

మిగిలిన నలుగురు

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీ ఊహను ఎవరో ఒకరు తమ ఒంటితో చేస్తారు. రాయి ఎంచుకునేటప్పుడు రంగుల పేజీ దగ్గర ఆగిపోకండి, చివరిదాకా చదవండి. పరదా కట్టించారంటే, లోపల ఒక గంట మీరు నిలబడండి. నిలబడలేకపోతే ఆ గోడ మానేయండి. ఇంకో గోడ తట్టకపోతే మీరు డిజైనర్ కారు. మీ దగ్గరికి వచ్చి ఒక ముసలమ్మ ఏదైనా చెబితే, దాన్ని రాసుకుని గోడకు తగిలించకండి. ఆమె చెప్పింది చేయండి.

ఇది రాసినంత సులువుగా నేను బతకలేదు. అయినా రాస్తున్నాను.

నలుగురిలో ఇద్దరు బీహారు నుంచి వచ్చినవాళ్ళు. పని ఒప్పుకున్న మేస్త్రీకి వాళ్ళ పూర్తి పేర్లు కూడా తెలియవు. వాళ్ళు దొరకలేదు, దొరకరు. మూడో అతను సుబ్రమణి, మాలూరు దగ్గర లక్కూరులో ఉన్నాడు. మా గోడ పని అయ్యాక చేతికి దెబ్బ తగిలి ఆ పని మానేసి రాగి, టమాట పండించుకుంటున్నాడు. ఎక్స్‌రే తీయించాం. చిన్న మచ్చలున్నాయి, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. చేతికి తగిలిన దెబ్బ అతన్ని కాపాడింది.

నాలుగో అతను నాగరాజు. వేమగల్‌లో వంటగది గట్లు కోసే షెడ్డులో దొరికాడు. ముప్పై ఆరేళ్ళు. పొడిగా కోస్తున్నాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పరీక్షకు రమ్మంటే, "నాకేం లేదు మేడమ్, మెట్లెక్కితే కొంచెం ఆయాసం, అంతే," అన్నాడు. మునియప్ప సంగతి చెప్పాక వచ్చాడు.

డాక్టరు అతని ఎక్స్‌రేని లైటు ముందు పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. రెండు వైపులా పైభాగమంతా తెల్లటి చుక్కలు. ఈ పని ఈ రోజే మానేయాలి, ఇంకొక్క రోజు కూడా ఆ దుమ్ములో ఉండకూడదన్నాడు డాక్టరు.

బయటికి వచ్చాక నాగరాజు ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని అడిగాడు.

"సరే మేడమ్, మానేస్తాను. ఇంగ నేనేం చెయ్యల్ల? పదైదేండ్లుగా చేసిన కెలసం, నాకు వచ్చిన పని ఇదొక్కటే."

తెలిసినవాళ్ళందరినీ అడుగుతానన్నాను. అడిగాను కూడా. చలపతి హోటల్లో వాచ్‌మన్ పని ఉందన్నాడు. చెబుదామని మరుసటి వారం నాగరాజుకి ఫోన్ చేశాను. అతను ఫోన్ ఎత్తేసరికి వెనక మిషన్ మోగుతోంది.

"యాడ ఉండావు నాగరాజూ?"

"షెడ్డులోనే మేడమ్."

"నీళ్ళు పెట్టుకున్నావా?"

"ఆఁ, పెట్టుకున్నాను."

నీళ్ళు పోస్తూ కోస్తే ఆ రాయి బరువుగా గొణిగినట్టు మోగుతుంది. పొడిగా కోస్తే కీచుమంటుంది. గోడ పని సాగిన ఎనిమిది నెలల్లో పరదా బయట నిలబడి విన్న చప్పుడు, నాకు తెలియనిది కాదు. వాచ్‌మన్ పని గురించి రెండుసార్లు గట్టిగా చెప్పాను. అతనికి వినిపించడం లేదు. "మళ్ళా చేస్తాను మేడమ్," అన్నాడు. ఫోన్ కట్ చేయడం మరిచిపోయినట్టున్నాడు. కీచుమనే ఆ మోత నా చెవిలో చాలాసేపు సాగింది.